తిప్పేశ్ ఫోన్ తెరుచుకున్న రోజు

బళ్ళారి బ్రూస్‌పేటలో మండక్కి బొరుగులు, మిరపకాయ బజ్జీలు అమ్మే కొట్రమ్మ బండికి ఎదురుగా ఆరడుగుల వెడల్పున ఒక అంగడి ఉంది. అందులో ఫోన్లు బాగుచేసే మనిషి రాజశ్రీ. వయసు ముప్పై నాలుగు. ఆమె కళ్ళజోడు మీద భూతద్దం తగిలించుకుని తల వంచిందంటే పక్కన పిడుగు పడినా పలకదని కొట్రమ్మ అంటుంటుంది. ఆ అంగడికి వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది ఆడవాళ్ళే. తమ ఊళ్ళో ఫోన్ అంగళ్ళున్నా సండూరు నుంచీ సిరుగుప్ప నుంచీ బస్సెక్కి మరీ వస్తారు.

దానికి కారణం ఉంది. బి.కాం. రెండో ఏడు చదివే రోజుల్లో రాజశ్రీ తన ఫోన్‌ను ఒక అంగట్లో రిపేరుకిచ్చింది. మూడో రోజుకు ఫోన్ బాగై చేతికొచ్చింది. పదో రోజుకు అందులోని ఫొటోలు బస్టాపులో కుర్రాళ్ళ చేతుల్లో తిరిగాయి. ఇంట్లో స్నేహితురాళ్ళతో నవ్వుతూ తీసుకున్న మామూలు ఫొటోలే. అయినా వాటి కింద రాసిన రాతలు మామూలువి కావు. నాన్న వెంకటరామి ఒక్క మాట అనలేదు. కాలేజీ మాత్రం మాన్పించాడు. ఎనిమిది నెలలు గడప దాటలేదు రాజశ్రీ. తొమ్మిదో నెలలో ఫోన్ రిపేరు ఉచితంగా నేర్పుతారని విని, ఎవరినీ అడక్కుండా వెళ్ళి పేరు రాయించుకుంది. ఇరవై ముగ్గురు మగవాళ్ళ మధ్య ఒక్కతే ఆడపిల్ల. చెయ్యి వణకకుండా టంకం పెట్టడం అందరికంటే ముందు ఆమెకే వచ్చింది.

అంగడి పెట్టిన రోజే రెండు నియమాలు పెట్టుకుంది. ఫోన్ తాళం దాని యజమాని తన చేత్తోనే తియ్యాలి, తీసేటప్పుడు తను ముఖం తిప్పుకోవాలి. ఇక రెండోది, ఒకరి ఫోన్‌లోని విడిభాగాన్ని వాళ్ళనడక్కుండా ఇంకొకరి ఫోన్‌కు వెయ్యకూడదు. ఈ రెండో నియమం వల్ల నష్టపోతున్నావని తోటి మెకానిక్కులు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అనుకునేది.

పోయినేడు ఆగస్టులో ఒక మంగళవారం, పదిన్నర వేళ, చీర చెంగులో ఏదో చుట్టుకుని ఒకామె అంగడి ముందు నిలబడింది. పాదాలకు, చీర అంచుకు ఇనుప ఖనిజం ఎర్ర దుమ్ము. గనుల పక్కనుంచి వచ్చిందని చూడగానే తెలిసింది.

"అక్కా, నువ్వేనా ఆడోళ్ళ ఫోన్లు సేసేది? యశ్వంతనగర్ నుంచి వస్తాండా. నా పేరు హంపమ్మ."

చెంగు విప్పింది. పాత ఫోన్. అద్దం మీద సాలెగూడులా పగుళ్ళు. వాటి సందుల్లోనూ ఎర్ర దుమ్మే. రాజశ్రీ చార్జింగ్ పెట్టి, కాసేపాగి ఆన్ చేసింది. బొమ్మ బాగానే వచ్చింది. ఆ వెంటనే ఎవరూ ముట్టుకోకుండానే తెర మీద గీతలు పడటం మొదలైంది. కనపడని వేలేదో తాళం చుక్కల మీద అటూ ఇటూ గీస్తున్నట్టు. తప్పు, మళ్ళీ తప్పు. తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది: ఇంకా ఐదు సార్లు తప్పు గీస్తే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది.

రాజశ్రీ గబుక్కున ఆఫ్ చెయ్యబోయింది. నొక్కిన మీటకు ఫోన్ స్పందించేలోపే ఐదు నాలుగైంది, నాలుగు మూడైంది. వెనక మూత పెరికి బ్యాటరీ లాగేసింది. తెర నల్లబడింది. 

"టచ్ చెడిపోయింది. అదే పిచ్చి పట్టినట్టు నొక్కుకుంటాండాది. ఇంక మూడే మాట్లు ఉండాయి. దీంట్లో ఏముండాది, అంత ముఖ్యమా?"

హంపమ్మ స్టూలు అంచున కూర్చుని చెప్పింది. ఆమె మొగుడు తిప్పేశ్ ఒక కాంట్రాక్టరు దగ్గర ఖనిజం లారీ తోలేవాడు. ఆరు నెలల కింద దిగుడులో బ్రేకు పడక లారీ గుంతలోకి పోయింది. కాలు నుజ్జయింది, తలకు దెబ్బ తగిలింది. ఇప్పుడు మాట తడబడుతుంది, సగం సంగతులు గుర్తుండవు. ఆ రోజు అతనికి డ్యూటీయే లేదని, ఎవరికీ చెప్పకుండా లారీ తీసుకుపోయాడని కాంట్రాక్టరు మనుషులు లేబర్ ఆఫీసులో చెప్పారు.

"డ్యూటీ లేకపోవడమేందక్కా! సూపర్‌వైజరు వీరేశప్ప పొద్దున్నే వాట్సాపులో మాట పంపినాడు. బ్రేకు సరిగ్గా లేదని మా ఆయప్ప అంటే, ఏం కాదు పో అన్యాడు. నేను పక్కనే ఉండి విన్యా. ఆ మాట దీంట్లోనే ఉండాది. ఈ పొద్దు మూడు గంటలకు ఆఖరి వాయిదా. ఫోన్ ఫోన్‌గానే తెచ్చి చూపియ్యల్లంట, లేదంటే కేసు మూసేస్తారంట."

"ఇన్ని దినాలు ఏం సేస్తాంటివి?"

"రెండంగళ్ళు తిరిగినా. ఒకాయప్ప పారేసి కొత్తది తీసుకో అన్యాడు. ఇంకొకాయప్ప ఈడ పెట్టి పో, వారం తర్వాత రా అన్యాడు. పెట్టి పోయేదానికి నాకు ధైర్యం సాల్లేదు."

రాజశ్రీకి ఆ మాట ఎక్కడో తగిలింది. మరలు విప్పడం మొదలుపెట్టింది.

ఆ ఫోన్‌లో ఒక్క మంచి ఉంది. కొత్త ఫోన్లలోలా కాక, టచ్ అద్దం వేరు, బొమ్మ చూపే తెర వేరు. చెడిపోయిన అద్దానికున్న సన్నటి రిబ్బన్ వైరు ఊడదీస్తే ఆ పిచ్చి నొక్కుడు ఆగుతుంది. రిబ్బన్ ఊడదీసి, తాళం గీయడానికి వేలికి బదులు వైరుతో మౌస్ తగిలించి చూసింది. ఆ పాత ఫోన్ మౌస్‌ను గుర్తే పట్టలేదు. ఇక మిగిలింది ఒకటే దారి, అదే రకం ఫోన్‌కు చెందిన మంచి టచ్ అద్దం. బెంగళూరు నుంచి తెప్పించాలంటే నాలుగు రోజులు. బళ్ళారిలో తనకు తెలిసిన నాలుగు అంగళ్ళకు ఫోన్ చేసింది. ఆ రకం రావడం మానేసి ఏళ్ళయిందన్నారందరూ.

పదకొండున్నర అయింది. రాజశ్రీ చూపు బల్ల కింది సొరుగు మీద పడింది. అందులో వదిలేసిపోయిన ఫోన్లుంటాయి, ఒక్కొక్కదానికీ పేరూ ఊరూ రాసిన చీటీతో. అడుగున ఉంది సరిగ్గా అదే ఫోన్. చార్జింగ్ ఎక్కడం లేదని పద్నాలుగు నెలల కింద తెక్కలకోట నుంచి వచ్చింది. అద్దం మీద గీత కూడా లేదు. చీటీ మీద హనుమాయమ్మ అని ఉంది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకుని స్థిరపడిన కుటుంబాల్లోని మనిషి.

"ఇదే కదక్కా!" హంపమ్మ లేచి నిలబడింది. "దీని అద్దం తీసి దానికెయ్యి!"

"ఆమెనడగల్ల."

చీటీ మీదున్నది కొడుకు మోహన్‌కృష్ణ నంబరు. మూడోసారికి ఎత్తాడు. "ఆ పాత డబ్బానా? అమ్మకు కొత్తది కొనిచ్చాం కదండీ. తీసేసుకోండి, పారేసుకోండి, మీ ఇష్టం" అన్నాడు.

"ఫోన్ మీ అమ్మగారిది సార్. ఆమె నోటితో ఒక మాట కావల్ల."

"అమ్మ నాట్ల దగ్గరుంది. ఫోన్ ఇంట్లో పెట్టి పోయింది. సరే, నేను అటే పోతన్నా, పోయాక చేయిస్తాలెండి."

రాజశ్రీ ఫోన్ పెట్టేసింది. హంపమ్మ ఆమెకేసి నమ్మలేనట్టు చూసింది.

"కొడుకు సరే అన్యాడు కదక్కా! ఇంకేం కావల్ల నీకు? ఆడ నా మొగుడు మంచం మీద పడి ఉండాడు. నువ్వు ఈడ న్యాయం పట్టుకొని కూచుంటే ఎట్ల?"

 హంపమ్మ అన్నదీ నిజమే అనిపించింది రాజశ్రీకి. తన నియమం తనకు గొప్ప, దాని బరువు మోస్తున్నది మాత్రం ఎదురుగా నిలబడిన మనిషి. అయినా ఆ ఫోన్ మీద చెయ్యి వెయ్యబోతే బస్టాపు, ఆ కుర్రాళ్ళు, ఆ రాతలు కళ్ళ ముందుకొచ్చాయి. "ఒక అర్ధగంట చూద్దాం హంపమ్మా. ఆమె చేయకుంటే, అప్పుడు..." 

ఆ అరగంటలో హంపమ్మ చేతిలోని బటన్ ఫోన్ మోగింది.  అంగడి ఇరుకు, అవతలి మాట రాజశ్రీకి స్పష్టంగా వినపడింది. మెత్తటి గొంతు, తొందరలేని గొంతు.

"ఏమ్మా హంపమ్మా, వాయిదాకు వస్తాండావా? ఎందుకమ్మా ఊరికే తిరుగుడు. నీకు మన ఆఫీసులో కసువు ఊడ్చే పని ఇప్పిస్తా, మీ మనిషికి ఏదో ఒక దారి చూపిస్తాం. కేసు వాపస్ తీసుకో. లేదంటే మీరుండే రూము కూడా మన కంపెనీదే కదా, ఆలోచించుకో."

హంపమ్మ ఫోన్ ఆపేసింది. "వీరేశప్ప" అంది అంతే. ఆమె వేళ్ళు చెంగును మెలితిప్పుతున్నాయి.

పన్నెండుంబావుకు తెక్కలకోట నుంచి ఫోన్ వచ్చింది.

"ఏమ్మా, నా ఫోను నీ దగ్గరే ఉందా? పోయిందని చెప్పాడే మావాడు!" హనుమాయమ్మ గొంతు వెనక నీళ్ళ చప్పుడు, నాట్లేసే ఆడవాళ్ళ మాటలు. రాజశ్రీ ఉన్నదంతా చెప్పింది. 

"నువ్వు అడగకుండా తీసినా నాకు తెలిసేది కాదుగా" అంది హనుమాయమ్మ. "తీసుకోమ్మా, అద్దం తీసుకో. కానీ ఫోను మట్టుకు నాది నాకు పంపించు. లోపలివేవీ చూడబోకు."

"చూడనమ్మా."

అద్దం ఊడదీయాలంటే వేడి పెట్టి కింది జిగురు మెత్తబరచాలి. రాజశ్రీ వేడి పలక మీద హనుమాయమ్మ ఫోన్ పెట్టిందో లేదో, పైన తిరుగుతున్న ఫ్యాన్ ఆగిపోయింది. కరెంటు పోయింది. పక్కంగడి వాళ్ళు ఎవరికో ఫోన్ చేశారు. రెండు గంటల దాకా రాదన్నారు.

హంపమ్మ తల పట్టుకుని మెట్టు మీద కూలబడింది. రాజశ్రీ వీధిలోకి చూసింది. కొట్రమ్మ బండి మీద, బజ్జీల బాణలి పక్కన పెద్ద ఇనుప పెనం ఉంది.

"పెద్దమ్మా, నీ పెనం కావల్ల. మంట బాగా తగ్గించు."

"ఏం కాలుస్తావే రాజీ?"

"ఫోన్."

కొట్రమ్మ మంట తగ్గించి, పెనం తుడిచింది. రాజశ్రీ గుడ్డ నాలుగు మడతలు పెట్టి పరిచి, దాని మీద ఫోన్‌ను బోర్లించింది. బ్యాటరీ ముందే తీసేసింది. వేడి ఎక్కువైతే కింది తెర పాడవుతుంది, తక్కువైతే అద్దం పగులుతుంది. కొలిచే యంత్రం లేదు. అరచేతి వెనక భాగం ఆనించి చూసుకోవడమే. ఎత్తి చూసింది, పెట్టింది, మళ్ళీ ఎత్తింది. నాలుగోసారికి పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కను అంచు సందులో దూర్చింది. సన్నగా లోపలికి పోయింది. ఒక పక్క విడిపోయింది, రెండో పక్కా విడిపోయింది. మూడో పక్కకు వచ్చేసరికి టిక్‌మని చప్పుడైంది.

 పైమూలన వెంట్రుకంత గీత. రాజశ్రీ చెయ్యి కదలకుండా మళ్ళీ వేడి పెట్టింది. ఇంకో పది నిమిషాలకు అద్దం మొత్తం చేతిలోకి వచ్చింది, రిబ్బన్ తెగకుండా.

అంగట్లోకి వచ్చి, టార్చి వెలుగులో ఆ రిబ్బన్‌ను తిప్పేశ్ ఫోన్‌కు తగిలించింది. అతికించే సమయం లేదు. తెర మీద అద్దాన్ని సరిగ్గా పరిచి నాలుగు మూలలా టేపు వేసింది. బ్యాటరీ పెట్టి ఆన్ చేసింది. ఒకటిన్నర దాటింది.

చుక్కలు వచ్చాయి. ఎవరూ గీయలేదు. ఐదు లెక్కపెట్టింది, పది లెక్కపెట్టింది. తెర నిశ్చలంగా ఉంది.

"తెలుసా నీకు, యాడ యాడ గీయల్లనో?"

"ఆయప్పకు గుర్తు లేదు. దినామూ సూసేదాన్ని. నాకు తెలుసు." హంపమ్మ గొంతులో మాత్రం ఆ నమ్మకం లేదు.

రాజశ్రీ ముఖం గోడ వైపు తిప్పుకుంది. వెనక గాజుల చప్పుడు, తర్వాత ఒక చిన్న ప్రకంపన. తప్పు.

"రెండే ఉండాయక్కా" అంది హంపమ్మ.  "నేను సూసిందదే. ఒట్టు. పైనుంచి కిందికి వచ్చి, మళ్ళా పక్కకు పోతాడు. ఆ వేలు నా కండ్లలోనే ఉండాది."

"ఆగు. ఇంక ముట్టుకోవద్దు." రాజశ్రీ గోడను చూస్తూనే ఆలోచించింది. "హంపమ్మా, మీ ఆయప్ప ఫోన్ తెరిచేటప్పుడు నువ్వు యాడ కూచునేదానివి? పక్కనా, ఎదురుగానా?"

"పక్కన యాడ? ఆయన మంచం మీద ఫోన్ పెట్టుకొని గీసేవాడు. నేను కింద రొట్టెలు కొడతా ఎదురుగా."

"అయితే నువ్వు సూసింది తలకిందులు. ఆయప్పకు పైన ఉండేది నీకు కింద. ఫోన్‌ను బల్ల మీద పెట్టు. నువ్వు ఈ పక్కకు రా. ఫోన్ తల నీ కడుపు తట్టు ఉండల్ల. ఇప్పుడు నీ కండ్లకు తెలిసినట్టే గీయి."

హంపమ్మ అడుగులు బల్ల చుట్టూ తిరిగాయి.  రోడ్డు మీద ఆటో పోయింది. బజ్జీలు నూనెలో పడ్డ చప్పుడు. గోడ మీద పాత క్యాలెండర్‌లోని అంకెల్ని రాజశ్రీ ఊరికే చదువుతోంది, ఏమీ బుర్రకెక్కడం లేదు.

"అక్కా" అని వినపడింది. "తెరుచుకున్యాది."

రాజశ్రీ అప్పుడు తిరిగింది. తెర మీద తిప్పేశ్, హంపమ్మ, మధ్యలో చిన్న పాప. వాట్సాపు తెరిచి, వీరేశప్ప పేరు వెతికి, ఆరు నెలల కిందికి హంపమ్మే వేలితో జరుపుకుంటూ పోయింది. పదకొండు సెకన్ల వాయిస్ మెసేజ్. నొక్కింది.

"తిప్పేశప్పా, బ్రేకు సంగతి రేపు చూద్దాం. ఈ పొద్దు రెండు ట్రిప్పులు ఎట్లన్నా కొట్టు. కొట్టకుంటే రేపట్నుంచి రావద్దు, ఇంకొకర్ని పెట్టుకుంటాం."

అదే గొంతు. గంటన్నర కింద ఇదే అంగట్లో వినపడిన మెత్తటి, తొందరలేని గొంతు. 

ఆ మాట ప్లే అవుతుంటే రాజశ్రీ తన ఫోన్‌తో ఒకసారి వీడియో తీసి, హంపమ్మ వకీలు నంబరుకు పంపింది. కానీ అసలు ఫోన్ తీసుకుపోవాలి. టేపు మీద నిలబడ్డ అద్దం, దారమంత రిబ్బన్. ఆటో కుదుపుకు ఊడితే అంతే. రాజశ్రీ షట్టరు దించేసింది. రెండు అరచేతుల్లో ఫోన్‌ను, నీళ్ళు నిండిన పళ్ళెంలా పట్టుకుని ఆటో ఎక్కింది. దారి పొడుగునా ఆటో అతన్ని "నిదానం అప్పా, నిదానం" అంటూనే ఉంది హంపమ్మ.

మూడింటికి ఐదు నిమిషాలుండగా లేబర్ ఆఫీసుకు చేరారు. వీరేశప్ప అక్కడే ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాలో. హంపమ్మను చూసి నవ్వాడు. లోపలికి పిలిచినప్పుడు అధికారి ఫోన్‌ను బల్ల మీద పెట్టమన్నాడు. రాజశ్రీ పెట్టింది. హంపమ్మ నొక్కింది. పదకొండు సెకన్లు గదిలో ఫ్యాన్ చప్పుడు కూడా వినపడలేదు.

"మళ్ళీ వినిపించమ్మా" అన్నాడు అధికారి కన్నడంలో. రెండోసారి విన్నాక వీరేశప్పను అడిగాడు, ఈ గొంతు నీదేనా అని. వీరేశప్ప తన వకీలు వైపు చూశాడు. వకీలు కాగితాలు సర్దుకుంటూ, ఇంకో వాయిదా కావాలన్నాడు. అధికారి ఇచ్చాడు. కానీ ఆ రోజే ఫోన్‌ను రశీదు రాసి, కవర్‌లో పెట్టి సీలు వేయించాడు.

బయట మెట్ల దగ్గర వీరేశప్ప వాళ్ళను ఆపాడు. నవ్వు లేదు.

"ఎవరు చేసినారు ఆ ఫోన్?"

హంపమ్మ నోరు తెరవబోయింది. రాజశ్రీ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"నేను చేసినా. బ్రూస్‌పేటలో నా అంగడి. నీ ఫోన్ ఏమన్నా చెడితే తెచ్చుకో, అన్నా."

అతను వెళ్ళిపోయాడు. రాజశ్రీ మెట్ల మీదే కూర్చుండిపోయింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

తర్వాత మూడు వారాలు ఆమె భయం భయంగానే అంగడి తెరిచింది. ఎవరైనా మగవాళ్ళు ఇద్దరు కలిసి వస్తే లేచి నిలబడేది. కొట్రమ్మ బండిని అంగడికి ఇంకొంచెం దగ్గరగా జరుపుకుంది. బెదిరించడానికి ఎవరూ రాలేదు. హంపమ్మ వాళ్ళను మాత్రం కంపెనీ రూమ్ నుంచి పంపించేశారు. సండూరులో ఆమె అక్క ఇంటి వెనక రేకుల గదిలోకి మారారు. హనుమాయమ్మ ఫోన్‌ను రాజశ్రీ మాటిచ్చినట్టే తెక్కలకోటకు పంపించేసింది.

కేసు ఏడు నెలలు నడిచింది. తిప్పేశ్ ఆ రోజు డ్యూటీలోనే ఉన్నాడని, పరిహారం కాంట్రాక్టరే ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. కాంట్రాక్టరు పైకోర్టుకు పోతానన్నాడు గానీ పోలేదు. డబ్బు రెండు విడతలుగా చేతికందింది. తిప్పేశ్ కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. లారీ ఇక తోలలేడు. మాట కొంత బాగుపడింది, ఆ పొద్దు సంగతి మాత్రం ఇప్పటికీ గుర్తు లేదు. ఆ గొంతు వింటే అదెవరని అడుగుతాడట.

ఉత్తర్వు వచ్చిన సంగతి చెప్పడానికి హంపమ్మ అంగడికి వచ్చినప్పుడు రాజశ్రీ ఎవరిదో స్పీకరు టంకం పెడుతోంది. తల ఎత్తలేదు. "కూచో" అంది. హంపమ్మ స్టూలు మీద, ఈసారి గోడకు వీపు ఆనించి కూర్చుంది. పని అయ్యాక చెంగు విప్పి, ఉత్తర్వు కాగితం బల్ల మీద పెట్టింది.